నాకంటే ముందు పోయే తాబేలు

సెప్టెంబర్ 14, గురువారం

ఇందుమూలముగా వాసా నగర పౌరులందరికీ, విస్కాన్సిన్ రాష్ట్ర గవర్నరు గారికీ, ఇంకా ఆసక్తి గలవారు ఎవరైనా ఉంటే వారికీ తెలియజేయడమేమనగా: గోర్డన్ డోంబెక్ ఇంటి టోస్టర్ ఈ ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, రెండో రొట్టెముక్క సగం కాలుతుండగా, పరమపదించింది. వయసు పంతొమ్మిదేళ్ళు. చివరి క్షణం దాకా డ్యూటీలోనే ఉంది. వెనక ఏడ్చేవాళ్ళలో వెన్న రాసే కత్తి ఒక్కటే మిగిలింది. అంత్యక్రియలు సోమవారం, చెత్తబండి వచ్చినప్పుడు.

రాశాక పైకి చదివాను. నాకే నవ్వొచ్చింది. వంటింట్లో ఇంకెవరూ లేరు కాబట్టి ఇంకోసారి చదివాను.

నేను ఈ ఫ్లాట్‌లోకి వచ్చినప్పుడు డార్లీన్ అక్క ఇచ్చిన టోస్టర్ అది. ఇంట్లో నేను కాక టక్కుమని చప్పుడు చేసేది అదొక్కటే. "నమస్కారమండీ, ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాం, మీ టోస్టర్ పరిస్థితి విషమంగా ఉంది" అని అక్కతో అందామని ఫోన్ తీశాను. మళ్ళీ పెట్టేశాను.

ఏప్రిల్ నుంచి ఆ నంబరు నేను చెయ్యకూడదు.

సెప్టెంబర్ 17, ఆదివారం

నేను పనిచేసే మంచు స్కేటింగ్ రింక్ పక్క హాల్లో పాములూ తొండల ప్రదర్శన. జనం బాగా వచ్చారు. రింక్ మైకు నా చేతిలోనే ఉంటుంది కదా, ఊరికే ఉండలేక ప్రకటించాను: "ఎర్రటోపీ పెట్టుకున్న వెండెల్ అనే పిల్లవాడు తప్పిపోయాడు. వయసు డెబ్బై ఒకటి. దొరికినవారు దయచేసి మీ దగ్గరే ఉంచేసుకోండి." హాలు హాలంతా గొల్లుమంది.

వెండెల్ స్కేట్లకి పదును పెట్టే తన కొట్లోంచి బయటికొచ్చాడు, చేతిలో సగం పదును పెట్టిన స్కేటు. "నీ నాలిక ఇలా తేరా గోర్డీ, దీనికి పదును పెట్టినట్టే దానికి మొద్దు పెడతాను."

"నాలిక ఇచ్చేస్తే రేపట్నుంచి నీతో మాట్లాడేదెవరు పెద్దాయనా?"

"అదేగా నేను కోరుకునేది."

మంచు చదును చేశాక నలభై నిమిషాలు ఖాళీ. ప్రదర్శన చూడ్డానికెళ్ళాను. ఒక బల్ల మీద బన్ను ముక్కంత తాబేలు పిల్లలు, పదిహేనో ఇరవయ్యో. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకున్నాను. అది నా బొటనవేలి వైపు నడిచింది. ఎవరో నా వైపు నడిచి రావడం ఈ మధ్య చూడలేదు. కొనేద్దామనుకున్నాను.

"కింద పెట్టండి" అంది పక్క బల్ల వెనకాల ఒకావిడ. ముక్కు మీద ఒక కళ్ళజోడు, తల మీద ఇంకోటి. బల్ల మీద 'తాబేళ్ళ సంఘం' అని అట్ట. పేరు మిసెస్ క్విస్ట్. "అది సల్కాటా. పదేళ్ళకి మీ సోఫా అంతవుతుంది."

"మా సోఫాలో ఎలాగూ ఒక పక్క ఖాళీయేనండి."

"పక్క చాలదు. దానికి గోడ కూడా కావాలి. మా సంఘానికి వచ్చే తాబేళ్ళలో సగం, ఇలా బన్ను చూసి తెచ్చుకున్నవాళ్ళు వదిలేసినవే. మీకు అసలేం కావాలి?"

"చిన్నది. చప్పుడు చెయ్యనిది. మా ఇంటి ఓనరు కుక్కా వద్దు, పిల్లీ వద్దు అన్నాడు. తాబేలు సంగతి ఆయనకి తట్టలేదు."

ఆవిడ నవ్వలేదు. చిన్న రకాల జాబితా ఉన్న కాగితం ఇచ్చి, చదువుకుని వచ్చే ఆదివారం లూథరన్ చర్చి కింది గదికి రమ్మంది. బడి మానేసి ముప్ఫై తొమ్మిదేళ్ళయ్యాక నాకు హోంవర్క్ ఇచ్చిన మొదటి మనిషి.

సెప్టెంబర్ 20, బుధవారం

హోంవర్క్ చేశాను.

ఈజిప్టు తాబేలు అన్నిటికంటే చిన్నది, పిడికిలంత. చలి పడదు, తేమ పడదు. విస్కాన్సిన్‌లో నవంబర్ చూస్తే పెట్టె సర్దుకుని బస్టాండుకి పోతుంది. పాన్‌కేక్ తాబేలు అట్టులాగా పలచన, రాళ్ళ సందుల్లో దూరుతుంది, గోడల్లాంటివి కూడా ఎక్కుతుందట. ఇది నేను కల్పించింది కాదు, కాగితంలోనే ఉంది. గ్రీకు తాబేలుకి తొడల మీద ముళ్ళు. హెర్మన్ తాబేలు పెద్దమనిషి, తోటలో ఆకులు తింటూ ఎవరి జోలికీ పోదు. రష్యా తాబేలు గుండ్రంగా ఉంటుంది, మొండిది, తవ్వుతుంది, పారిపోతుంది, చలికాలమంతా నిద్రపోతుంది. దాని నిద్రకి సంఘంవాళ్ళు విడిగా ఒక ఫ్రిజ్ పెడతారట. ఫ్రిజ్! లోపల నలభై ఫారెన్‌హీట్ డిగ్రీల చుట్టూ ఉండాలి, రోజుకోసారి తలుపు తీసి గాలి తగలనివ్వాలి, వారం వారం తూకం వెయ్యాలి.

నేను ఇరవై రెండేళ్ళుగా మంచు ఉష్ణోగ్రత చూసి రాసుకునే మనిషిని. ఈ డైరీ కూడా రింక్‌లో మిగిలిపోయిన ఆ పుస్తకమే. రష్యాది నాకోసమే పుట్టినట్టుంది.

ఒక్కటే ఇబ్బంది. అన్నిటికీ ఆయుష్షు అనే గడిలో నలభై, యాభై, ఆపైన అని ఉంది. నాకు యాభై నాలుగు.

సెప్టెంబర్ 24, ఆదివారం

చర్చి కింది గది. పాచి కాఫీ, నిమ్మకాయ కేకు ముక్కలు, పదకొండుమంది. అందరూ ఒకరి తాబేలు బరువు ఒకరు అడుగుతున్నారు, మనం పిల్లల చదువులు అడిగినట్టు.

ప్రశ్నలున్నాయా అంటే చెయ్యెత్తాను. "నాకంటే ముందు పోయే రకం ఏదైనా ఉందా?"

గది గదంతా నవ్వింది. నిమ్మకాయ కేకు ఒకాయనకి పొలమారింది. నాకు భలే సంతోషం వేసింది. నవ్వు ఆగాక చూసుకుంటే నేను జోకు వెయ్యలేదు.

మిసెస్ క్విస్ట్ మాత్రం నవ్వలేదు. "లేదండి. అందుకే ఈ కాగితం" అని దత్తత కాగితం నా ముందు పెట్టింది. పద్నాలుగు గడులు. పదమూడూ తేలికే: ఇల్లు, ఉద్యోగం, ఫ్రిజ్, తూకం కాటా. పద్నాలుగోది: మీ తరవాత దీన్ని ఎవరు చూసుకుంటారు? పేరు, ఫోన్ నంబరు, వాళ్ళ చేత్తో సంతకం.

సెప్టెంబర్ 25, సోమవారం

పదమూడు నింపాను.

అక్టోబర్ 1, ఆదివారం

రెండు తాబేళ్ళు చూపించారు. ఒకటి హెర్మన్, మగది, మెరుస్తోంది, షోరూంలో కారులాగా. రెండోది రష్యాది, ఆడది, పేరు పికిల్. డిప్పకి ఒక పక్క చిన్న సొట్ట. దాని ముందు డాండెలయన్ ఆకు పెట్టాను. నన్ను చూసింది, ఆకుని చూసింది, వెనక్కి తిరిగి అట్టపెట్టె మూలకి పోయి గోడ తవ్వడం మొదలుపెట్టింది. మా అక్క అచ్చం ఇంతే.

"దీని కథేంటి?" అన్నాను.

"ఒక పోస్టావిడది. ఒక్కతే ఉండేది. ఆవిడ పోయాక ఎవరూ చూసుకోలేదు" అంది మిసెస్ క్విస్ట్. "పదకొండు రోజులకి తెలిసింది. పికిల్ వంటింటి తలుపు కింద సగం దాకా తవ్వేసింది. ఆ తరవాతే మా కాగితంలో పద్నాలుగో గడి పెట్టాం."

పదకొండు రోజులు. నేను రింక్‌కి రాకపోతే వెండెల్ మొదటిరోజు సంబరపడతాడు. రెండో రోజు కూడా. మూడో రోజు ఫోన్ చేస్తాడేమో. నేను ఎత్తకపోతే ఇదేదో నా వేషమే అనుకుంటాడు.

"నాకు పికిలే కావాలి" అన్నాను.

"పద్నాలుగో గడి నింపి తీసుకెళ్ళండి. నవంబర్ పన్నెండుకి అది ఫ్రిజ్‌లో పడుకోవాలి. ఒకసారి పడుకున్నాక మార్చి దాకా ఇల్లు మార్చకూడదు. ఆలోపు కాగితం రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం."

అక్టోబర్ 4, బుధవారం

పద్నాలుగో గడికి తగిన మనిషి ఒక్కరే ఉన్నారు. వెండెల్‌ని అడిగాను కానీ, "నాకంటే ఆ తాబేలు యవ్వనంలో ఉందిరా" అన్నాడు.

అక్క సంగతి ఒకసారి రాసి పెట్టుకుంటే మంచిది. ఏప్రిల్ ఒకటిన ఏటా ఆవిడకి ఏదో ఒకటి చేస్తాను. గొంతులు మార్చడం నాకు చిన్నప్పుడే వచ్చింది. ఒక ఏడు లాటరీ ఆఫీసు, ఒక ఏడు బిషప్ గారు. ఈ ఏడు ఆస్పత్రి నర్సు: "మీ తమ్ముడికి గుండెపోటమ్మా, వెంటనే బయల్దేరండి." ఆవిడ బయల్దేరింది. దారిలో కారుకి గీత పడింది. అంతే జరిగింది.

అక్టోబర్ 8, ఆదివారం

కారుకి గీత పడితే ఆరు నెలలు మాట్లాడకుండా ఉంటారా ఎవరైనా?

పద్నాలుగో గడి నింపేశాను. పేరు: డార్లీన్ డోంబెక్. సంతకం ఎడమచేత్తో. అక్క 'డి' కి ఎప్పుడూ తోక పెడుతుంది, అదీ పెట్టాను. ఫోన్ నంబరు: రింక్ ఆఫీసుది. బుధవారం సాయంత్రం నాలుగింటికి చెయ్యమని పక్కన రాశాను, ఆ సమయానికి ఆఫీసులో నేనొక్కడినే ఉంటాను.

అక్టోబర్ 11, బుధవారం

సరిగ్గా నాలుగింటికి మోగింది.

"డార్లీన్ గారేనా?"

"అవునండీ, చెప్పండి" అన్నాను. అక్క గొంతు అంత బాగా ఎప్పుడూ రాలేదు. మాట చివర కొంచెం అలిసిపోయినట్టు దిగుతుందే, అది కూడా వచ్చింది.

"మీ తమ్ముడు మీ పేరు రాశారు. మీకు తెలుసా?"

"చెప్పాడండీ. ఏదో తాబేలట. నలభై ఏళ్ళు బతుకుతుందట. వాడికి చేపనిస్తే రెండ్రోజులు బతకలేదు."

ఆవిడ నవ్వింది! నా మాటకి నవ్వని మనిషి అక్క మాటకి నవ్వింది.

"మీ తమ్ముడు ఎలాంటి మనిషి?"

దీనికి జవాబు ముందే తయారుగా పెట్టుకున్నాను. బంగారం లాంటివాడు, బాధ్యత గలవాడు, అలాంటివి నాలుగు. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"వాడికి నవ్వించడం తప్ప ఇంకేం రాదండీ. పదిహేనేళ్ళకి బడి మానేశాడు. అమ్మని పాతిపెట్టిన రోజు కూడా చర్చి మెట్ల మీద ఏదో అని అందరినీ నవ్వించాడు, నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పుకుని గంటసేపు బయటికి రాలేదు. తలుపు బయట కూచున్నాను నేను. కుళాయి కట్టెయ్యరా, నీళ్ళు వృథా అన్నాను. ఇంకేమనాలో నాకూ తెలీలేదు."

"మీ తమ్ముడు పిలిస్తే మీరు వస్తారా?"

"వచ్చానండీ ఒకసారి" అన్నాను.

ఆ తరవాత అక్క గొంతు రాలేదు. నా గొంతు కూడా రాలేదు. అప్పుడే వెనకాల హాకీ ప్రాక్టీసు హారన్ మోగింది.

"మా మనవరాలు అక్కడే స్కేటింగ్ నేర్చుకుంటుందండి. ఆ హారన్ నాకు బాగా తెలుసు" అంది మిసెస్ క్విస్ట్. మెల్లిగానే అంది. "నిజం మనిషి సంతకం తీసుకురండి గోర్డన్ గారూ. నవంబర్ పన్నెండు లోపల."

ఫోన్ పెట్టి తిరిగితే గుమ్మంలో వెండెల్.

"ఎవర్రా ఆ ఆడగొంతు?"

"మా అక్క."

"ఆవిడెందుకురా ఏడుస్తోంది?"

అక్టోబర్ 12, గురువారం

మంచు 22 డిగ్రీలు. బానే ఉంది.

అక్టోబర్ 15, ఆదివారం

అక్కకి ఉత్తరం రాశాను. మొదటిది 'ప్రియమైన తాబేటి పెద్దమ్మకి' అని మొదలైంది, చించేశాను. రెండోదాంట్లో జోకులు తీసేస్తే సంతకం మిగిలింది. మూడోది పోస్టు చేశాను: "అక్కా, నాకు ఏ జబ్బూ లేదు. ఇది వేషం కాదు. ఒక తాబేలుని పెంచుకుందామనుకుంటున్నాను. కాగితం మీద నీ సంతకం కావాలి."

పెట్టె సందులోంచి ఉత్తరం జారిపోయాక గుర్తొచ్చింది. నా ప్రతి వేషమూ 'ఇది వేషం కాదు' అనే మొదలవుతుంది.

అక్టోబర్ 18

రాలేదు.

అక్టోబర్ 20, శుక్రవారం

రాలేదు. వెండెల్‌తో కలిసి చేపల వేపుడు తినడానికి వెళ్ళాను. వడ్డించే అమ్మాయికి ఫ్రెంచివాడిలా మాట్లాడి చూపించాను. బానే నవ్వింది. వెండెల్ నవ్వలేదు. చేప తుంచుకుంటూ, "మీ అక్క భుజం ఎలా ఉంది?" అన్నాడు.

"ఏ భుజం?" అన్నాను.

"సరే తిను" అన్నాడు.

అక్టోబర్ 22, ఆదివారం

కారుకి గీత పడలేదు.

అక్క ఉండే ఓ క్లేర్ ఊరి నుంచి ఇక్కడికి వంద మైళ్ళు. ఏప్రిల్ ఒకటికి ముందురోజు రాత్రంతా మంచు పడింది, రోడ్డు మీద కంటికి కనపడని అద్దం పొర. నాకు తెలుసు. మంచు గురించి నాకు తెలియనిదేముంది. తెలిసే ఫోన్ చేశాను, అక్క మెల్లిగా నడుపుతుందిలే అనుకున్నాను. తమ్ముడు చచ్చిపోతున్నాడంటే మెల్లిగా నడుపుతుందని ఎలా అనుకున్నానో.

థార్ప్ అనే ఊరు దాటాక రోడ్డు పక్క గుంటలో పడింది. రెండు గంటలు అందులోనే ఉంది. ఎడమ భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. ఆ రెండు గంటలూ నేను ఇక్కడ, తలుపు వెనకాల, కాగితం టోపీ పెట్టుకుని, బల్ల మీద కేకు పెట్టుకుని నించున్నాను.

పోలీసాయన ఫోన్ చేశాడు. అక్క ఎవరిచేతో ఎదురు వేషం వేయిస్తోందనుకున్నాను. "భలే చేస్తున్నారు సార్, గొంతు ఇంకొంచెం లావుగా పెట్టండి" అన్నాను. ఆయన ఓపిగ్గా ఆగి చెప్పాడు: "మేడమ్‌ని బయటికి తీసినప్పట్నుంచి ఒకటే అడుగుతున్నారండి, మా తమ్ముడు బతికున్నాడా అని."

టోపీ ఇంకా నెత్తి మీదే ఉంది.

అక్టోబర్ 29, ఆదివారం

అక్క వచ్చింది!

తలుపు కొట్టింది, తీశాను, ఎదురుగా ఆవిడే, నీలం కోటులో. చేతిలో కొత్త టోస్టర్. "పాతది పోయిందని ఉత్తరంలో రాశావుగా" అంది. లోపలికొచ్చి ఫ్రిజ్‌లు రెండూ తెరిచి చూసింది. "తాబేలు ఫ్రిజ్ నీదానికంటే శుభ్రంగా ఉందిరా." సోఫాలో ఖాళీ పక్కన కూచుంది. నేను రాజ్మా సూపు పెట్టాను, రెండుసార్లు వేయించుకుంది. బిషప్ గారి గొంతు చెయ్యమంది. చేశాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. బల్ల మీద కాగితం పెట్టి సంతకం పెట్టింది, 'డి' కి తోకతో సహా. వెళ్ళేటప్పుడు, "ఆ గీత సంగతి మర్చిపోరా" అంది.

నవంబర్ 3, శుక్రవారం

కాగితం మిసెస్ క్విస్ట్‌కి అందింది. పికిల్ నాదే.

నవంబర్ 11, శనివారం

ఇంటికొచ్చింది. మూడు వారాలుగా తిండి ఆపి, రోజు విడిచి రోజు గోరువెచ్చని నీళ్ళలో కూచోబెట్టారు, పొట్ట ఖాళీ కావాలిగా. వంటింట్లో వదిలితే నేరుగా తలుపు దగ్గరికెళ్ళి కింద తవ్వబోయింది. పక్కన నేల మీద కూచున్నాను. "నేను ఉన్నానమ్మా, ఎక్కడికీ పోలేదు" అన్నాను. పోస్టావిడ గొంతు ఎలా ఉండేదో తెలీదు కాబట్టి నా గొంతుతోనే అన్నాను. కాసేపటికి తవ్వడం మానేసింది. అలసిపోయిందేమో.

నవంబర్ 12, ఆదివారం

మట్టీ ఎండాకులూ నింపిన పెట్టెలో పెట్టాను. తనే లోపలికి దిగి, సొట్ట ఒక్కటి పైకి కనిపించేలా ఆగింది. ఫ్రిజ్ 41 డిగ్రీలు. బరువు 812 గ్రాములు.

తలుపు మూసేటప్పుడు లైటు ఆరిపోయింది. అలాగే నించున్నాను కాసేపు.

నవంబర్ 19, ఆదివారం

811. అక్కకి కార్డు ముక్క మీద రాసి పోస్టు చేశాను. '811 గ్రాములు.' ఇంకేం రాయలేదు. పెన్ను చేతిలో దురద పెట్టింది.

నవంబర్ 26, ఆదివారం

809. కార్డు వేశాను.

నిన్న అక్క నుంచి జవాబు: "రోజూ తలుపు తెరుస్తున్నావా? నీ సంగతి నాకు తెలుసు, మర్చిపోతావు." నవ్వుకున్నాను.

డిసెంబర్ 3, ఆదివారం

809. కార్డు. అక్క క్రిస్మస్‌కి వస్తానంది.

డిసెంబర్ 10, ఆదివారం

808. కార్డు.

వెండెల్, నేను మంచు చదును చేసే బండి సీటు మీద, నా పుట్టినరోజని ప్లాస్టిక్ తాబేలు పెట్టాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి బొమ్మల కొట్టుకి వెళ్ళి వెతికి తెచ్చాడు. థాంక్స్ చెప్పబోయి, "ఇది నీకంటే చురుగ్గా ఉంది పెద్దాయనా" అన్నాను. "రెండోది చెప్పావు, మొదటిది మింగేశావు" అన్నాడు.

డిసెంబర్ 17, ఆదివారం

మిసెస్ క్విస్ట్ పికిల్‌ని చూసి పోవడానికి వచ్చింది. తూకం పుస్తకం ఏదంటే పొరపాటున ఇదే ఇచ్చాను. రెండు పేజీలు తిప్పి, "ఇది తూకాల పుస్తకం కాదనుకుంటానండి" అని మూసి ఇచ్చేసింది. ఎంతవరకు చదివిందో అడగలేదు. కానీ ఇంకొకరు చదివేట్టుంటే ఇందులో ఏది నిజమో రాసి ఉండాలి అనిపించింది. నేను పోతే ఈ పుస్తకం కూడా పికిల్‌తోపాటు అక్కకే కదా వెళ్ళేది.

టోస్టర్ పోవడం నిజం. మైకులో వెండెల్ గురించి అన్నప్పుడు హాలంతా గొల్లుమనలేదు, ముగ్గురు నవ్వారు. చేపల వేపుడు దగ్గర ఆ అమ్మాయి కూడా నవ్వలేదు, బిల్లు పెట్టి వెళ్ళిపోయింది. అక్క గొంతుతో ఫోన్‌లో మాట్లాడిందంతా నేనే, కానీ అందులో చెప్పిన మాటలు కల్పించలేదు. కుళాయి సంగతి నిజం. తలుపు బయట అక్క కూచున్న సంగతీ నిజం.

అక్టోబర్ 29న అక్క రాలేదు. మొత్తం కల్పన. నీలం కోటు పాత ఫొటోలోది. కొత్త టోస్టర్ నేనే కొనుక్కున్నాను. సూపు నేనొక్కడినే రెండుసార్లు వేసుకున్నాను.

ఆ రోజు జరిగింది ఇది. నేను ఓ క్లేర్ వెళ్ళాను. పగటిపూట, రోడ్డు పొడిగా ఉన్నప్పుడు. తలుపు కొట్టాను. అక్క లోపలి తలుపు తీసింది, బయటి అద్దం తలుపు తియ్యలేదు. గడియ మీద చెయ్యి పెట్టి ఆగింది. బక్కచిక్కింది. నేను ఏదో ఒకటి అనబోయాను. నోట్లో మూడు నాలుగు గొంతులు తయారుగా ఉన్నాయి, నాది తప్ప. అందుకని కొత్త దత్తత కాగితం తీసి అద్దానికి ఆనించి పట్టుకున్నాను.

అక్క కళ్ళజోడు పెట్టుకుని, అవతలి వైపు నుంచి వేలు పెట్టి ఒక్కో గడీ చదివింది. ఒకటి నుంచి పద్నాలుగు దాకా. పద్నాలుగు దగ్గర వేలు ఆగింది. అద్దానికి ఇటు నా బొటనవేలు, అటు ఆవిడ వేలు. తరవాత తెర లాగేసింది. తెర ఎడమవైపు ఉంది, కుడిచెయ్యి అడ్డంగా సాచి లాగింది. ఎడమచెయ్యి పైకి లేవడం లేదు.

కాగితం అక్క గుమ్మం పక్క ఉత్తరాల పెట్టెలో పెట్టి వచ్చేశాను.

తరవాత సంగతి మిసెస్ క్విస్ట్ చెప్పింది. అక్క ఆవిడకి ఫోన్ చేసిందట. "నువ్వు గోర్డీవే కదురా, ఆపు ఇంక" అందట మొదటి మాటే. కాదని మిసెస్ క్విస్ట్ మూడుసార్లు ఒట్టేసింది, వాళ్ళాయన చేత మాట్లాడించింది. ఆయన్ని కూడా గోర్డీయే అంది. ఫోన్ పెట్టేసి, చర్చి నంబరు తనే వెతుక్కుని పాస్టరుకి చేసి, నిజంగా క్విస్ట్ అనే ఆవిడ ఉందా, నిజంగా తాబేలు ఉందా, నిజంగా మా తమ్ముడు బతికే ఉన్నాడా అని అడిగి, అప్పుడు మళ్ళీ చేసింది. ఫ్రిజ్ తలుపు రోజుకెన్నిసార్లు తియ్యాలి, ఎంతసేపు తియ్యాలి అని మాత్రం అడిగి రాసుకుందట. నా గురించి ఇంకేమీ అడగలేదట.

కాగితం పోస్టులో మిసెస్ క్విస్ట్‌కి వచ్చింది, నాకు చూపించింది. సంతకం ఉంది. తోక లేదు, ఆ 'డి' నేను ఊహించినదానికంటే మామూలుగా ఉంది. 'మీకు ఏమవుతారు' అనే చోట 'తమ్ముడు' అని రాసింది. నేను రాసింది కాదు, ఆవిడ చేతిరాతే.

నా కార్డులకి జవాబులు రాలేదు. ఒక్కటి కూడా. "రోజూ తలుపు తెరుస్తున్నావా" అన్నది నేనే రాసుకున్నాను. క్రిస్మస్‌కి వస్తానన్నదీ నేనే. కార్డులు వెనక్కి కూడా రాలేదు. అంతవరకు నిజం.

ఈ రోజు ఫ్రిజ్ 41 డిగ్రీలు. తలుపు తీసి నిమిషంపాటు అట్టతో విసిరాను. పికిల్ 806 గ్రాములు. రెండుసార్లు తూచాను.

806 అని కార్డు మీద రాశాను. కిటికీలోంచి చూస్తే, క్రిస్మస్ రద్దీకి ఆదివారం కూడా తిరిగే పోస్టు బండి మలుపు తిరుగుతోంది. చెప్పుల్లోనే పరిగెత్తి ఇచ్చి వచ్చాను.